ఆడవాళ్ల వైపు సీడీ

నయాపూల్ దాటి పాతబస్తీలోకి అడుగుపెట్టగానే ఎడమచేతి సందులో, స్టీలు సామాన్ల కొట్టు పైన మాకొక గది ఉండేది. బోర్డు లేదు. ‘మగవాళ్లు లోపలికి రాకూడదు’ అని ఉర్దూలో, తెలుగులో రాసిన కాగితం మాత్రం తలుపు మీద అంటించి ఉండేది. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని కూడా మెట్ల మీదే నిలబెట్టి, అంకె మేమే చదివి చెప్పేవాళ్లం. అతగాడు రాసుకుంటూ ఏదో గొణిగేవాడు. గదిలో ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, నేల మీద ఒక తివాచీ, ఆపా, నేను.

ఆపా నాకు తోబుట్టువేమీ కాదు. ఆ గల్లీల్లో నాకంటే పెద్దదైన ముస్లిం ఆడమనిషిని అక్కా అనడానికి బదులు ఆపా అనడమే నాకు అలవాటు. ఆమె పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు వీడియో తీసేది. షాదీఖానాలో మగవాళ్లకొక హాలు, ఆడవాళ్లకొక హాలు, మధ్యలో పరదా. పరదాకి ఇవతల కెమెరా పట్టాలంటే ఆడమనిషే పట్టాలి. అలాంటివాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆపా తెచ్చిన టేపును కంప్యూటరులోకి ఎక్కించి, అక్కర్లేనివి కత్తిరించి, సీడీ చేసి ఇవ్వడం నా పని.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాడు. నాలుగేళ్లుండి బదిలీ చేయించుకుందామని వచ్చినవాళ్లం, ఇక్కడే పాతుకుపోయాం. కంప్యూటరు కోర్సు చేసిన కూతురు సర్కారు ఆఫీసులో కూర్చుంటుందని మా అమ్మ ఆశ. నేను స్టీలు కొట్టు పైకెక్కాను. “ఇంత చదివించింది పెళ్లి సీడీలు కొట్టుకోవడానికా?” అని అమ్మ సాధించేది. నేను “మస్తు పనుంది అమ్మా, లొల్లి పెట్టకు” అనగానే అసలు విషయం మర్చిపోయి, నా భాష పాడైపోయిందని మొదలుపెట్టేది. ఆ రకంగా నాకు తప్పించుకునే దారి దొరికేది.

మొదట్లో మా కంప్యూటరులో ఊళ్లో అందరి దగ్గరా ఉండే దొంగ కాపీలే ఉండేవి. ఒక ఎండాకాలం వైరసొచ్చి చేతిలో ఉన్న పెళ్లిళ్లన్నీ సగంలో ఆగిపోయాయి. పెళ్లికూతుళ్ల తల్లులు వచ్చి తివాచీ మీద బైఠాయించారు. అప్పుడు కంప్యూటరు పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి గుర్తొచ్చి, దానిలోని సిస్టం ఎక్కించాను. సీడీలు రాసే ప్రోగ్రాం కూడా దాంట్లోనే ఉంది. ఎవరు చేశారో, ఎక్కడివాళ్లో తెలియదు. కష్టపడి చేసి, దాని లోపలి రాతంతా ఎవరైనా చదువుకునేలా బయటపెట్టి, ఊరికే ఇచ్చేశారు.

ఆపాకి ఇది ఎంతకీ మింగుడుపడలేదు.

“ఊరికెనే ఇచ్చిండ్రా? ఎందుకు? సవాబ్ కోసమా?”

“పుణ్యం కోసమే అనుకో ఆపా.”

“గట్లయితే వాళ్ల కోసం దువా చెయ్యాలె” అంది. నిజంగానే చేసేది. మధ్యాహ్నం నమాజు అయ్యాక చేతులు చాపి, మొహం తెలియని ఆ మనుషులు చల్లగా ఉండాలని కోరుకునేది. వాళ్లలో దేవుడంటే నమ్మకం లేనివాళ్లు ఎంతమంది ఉన్నారోనని నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఆపా ఊరుకోదు కాబట్టి మానిటరు వైపు తిరిగి నవ్వుకునేదాన్ని.

ఆ ప్రోగ్రాం పద్ధతి నాకు నచ్చింది. సీడీ మీద నేరుగా రాయదు. సీడీ మొత్తం ఎలా ఉండాలో అలా ముందు హార్డ్ డిస్కులో ఒకే ఒక్క ఫైలుగా తయారుచేస్తుంది. దాన్ని ఇమేజ్ అంటారు. మా నాన్న ఫ్యాక్టరీ మాటల్లో చెప్పాలంటే అచ్చు. అచ్చు ఉన్నంతకాలం దాంట్లోంచి ఎన్ని సీడీలైనా పోసుకోవచ్చు. అచ్చు చెరిపేస్తే చేతికిచ్చిన సీడీ ఒక్కటే మిగులుతుంది.

మా దగ్గర అచ్చు మిగలకూడదు. అది మా గది కట్టుబాటు. ఎక్కడో ఏదో దుకాణంలోంచి ఎవరిదో ఆడవాళ్ల వైపు వీడియో బయటికి పోయిందని ఒక పుకారు లేచింది. నిజమో అబద్ధమో ఎవరికీ తెలియదు కానీ, ఆ పుకారు దెబ్బకి ఆపాని పెళ్లిళ్లకి పిలిచేవాళ్లే లేకుండా పోయారు. అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. సీడీ తయారయ్యాక పెళ్లికూతురి ఇంటి నుంచి పెద్దామె ఒకరు రావాలి. మా తివాచీ మీద కూర్చుని సీడీ మొదటి నుంచి చివరిదాకా చూసుకోవాలి. అంతా బాగుందన్నాక, ఆపా కెమెరా లెన్సుకి మూత పెట్టి, ఆ టేపు మీదే మొత్తం చీకటి రికార్డు చేసేది. నేను కంప్యూటరులోని అచ్చునీ మిగతా ముక్కల్నీ చెరిపేసే కమాండు టైపు చేసి పక్కకి జరిగేదాన్ని. ఎంటర్ బటన్ మాత్రం పెద్దామే నొక్కాలి.

అది ఉత్తుత్తి చెరపడం కాదు. మామూలుగా తీసేసిన ఫైలును తెలిసినవాళ్లు మళ్లీ పైకి లాగగలరు. అందుకని ఫైలున్న చోటంతా సున్నాలతో నింపేసే ప్రోగ్రాం పెట్టాను. అదీ ఊరికే దొరికిందే. “దీని కడుపుల ఇంకేం దాసుకోలేదు గద?” అని పెద్దామెలు అడిగితే, ఈ ప్రోగ్రాం లోపల ఏముందో లోకమంతా చూడొచ్చని, దాపరికం లేనిదని ఆపా గొప్పగా చెప్పేది. కొందరు బిస్మిల్లా అనుకుని చూపుడువేలితో మెల్లగా నొక్కేవాళ్లు. కొందరు రొట్టెపిండి అదిమినట్టు అరచేత్తో నొక్కి, పక్కనున్న బటన్లన్నీ కలిపి నొక్కేసేవాళ్లు. ఈ పద్ధతి మూలాన మా పేరు నాలుగు గల్లీలకీ పాకింది. వీళ్లు మాట తప్పరు అనేవాళ్లు. ఆ మాటంటే నాకు గర్వంగా ఉండేది.

ఖాలా మా దగ్గరికి అలాగే వచ్చింది. ఖాలా అంటే పిన్ని. ఆపా అలా పిలిచింది కాబట్టి నాకూ ఖాలాయే అయింది. పాలమూరు వైపు నుంచి కోడలిగా పాతబస్తీకి వచ్చిన మనిషి. తెలుగు గలగలా మాట్లాడేది. ఇంట్లో లక్క గాజుల పని. భర్త చాలా కట్టుదిట్టమైన మనిషట, ఇంట్లో గోడకి ఒక్క ఫొటో కూడా వేలాడకూడదు, పెళ్లిలో ఎవరూ ఫొటో తీయకూడదు. ఒక్కగానొక్క కూతురు పట్టుబట్టింది. పెళ్లిబట్టల్లో ఎలా ఉంటానో నాకు నేను ఒక్కసారన్నా చూసుకోవద్దా అని తల్లి కొంగు పట్టుకుని ఏడ్చిందట. ఒక్కటే సీడీ, అదీ మన పెట్టెలోనే ఉంటుంది, దుకాణంలో ఏమీ మిగలదు అని చెప్పి ఖాలా భర్తని ఒప్పించింది.

సీడీ చూసుకోవడానికి ఒక్కతే వచ్చింది. పాన్ నములుతూ, నవ్వుతూ, ఏడుస్తూ, చుట్టాల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో మాకు విడమరచి చెబుతూ చూసింది. అయ్యాక బిస్మిల్లా అని బటన్ నొక్కింది.

“అయిపోయిందా? ఏం మిగల్లేదు గద బిడ్డా?”

“ఏమీ మిగల్లేదు ఖాలా” అన్నాను.

నా తల మీద చెయ్యి పెట్టి దీవించి, సీడీని బురఖా లోపల దాచుకుని మెట్లు దిగింది.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆమె మాకు కనబడలేదు. పెళ్లిళ్లు వస్తూనే ఉన్నాయి, పెద్దామెలు బటన్ నొక్కుతూనే ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే, ఇంకా కంప్యూటరు కూడా ఆన్ చేయకముందు, మెట్ల మీంచి ఘాటుగా అత్తరు వాసన వచ్చింది. వాసన వెనకాల ఖాలా వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. వేలు పట్టుకుని ఒక చిన్న పాప ఉంది. ఖాలా సంచీలోంచి ఎర్రటి జరీ దుపట్టా తీసి, మడతలు విప్పి, మధ్యలోంచి సీడీ తీసి ఆపా చేతిలో పెట్టింది.

“ఇది ఆడ్తలేదు బిడ్డా” అంది.

దుపట్టా గుర్తుపట్టి, ఆపా “బిడ్డ మంచిగున్నదా?” అని అడిగేసింది. ఖాలా పాపని చూపించింది.

“ఇది పుట్టిననాడే పోయింది.”

ఆపా గోడకి చేరగిలబడింది. నేను ఖాలాకి నీళ్లు తెచ్చి ఇచ్చాను. నీళ్లు తాగి, ఖాలా తానే చెప్పుకుంటూ పోయింది. భర్త కూడా ఆ బెంగతో ఏడాది తిరక్కుండానే పోయాడు. అల్లుడు వేరే పెళ్లి చేసుకున్నాడు. తప్పు పట్టలేం, వయసులో ఉన్నవాడు. పాప అమ్మమ్మ దగ్గరే పెరిగింది. కూతురు పోయినప్పటి నుంచి సీడీ తీసి చూడటానికి ఖాలాకి చేతులు రాలేదు. పెళ్లి దుపట్టాలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. పెట్టె తీసినప్పుడు కూతురి వాసన రావాలని, ఆమె పెళ్లికి పూసుకున్న అత్తరే తెప్పించి, ప్రతి పండక్కీ దుపట్టా మీద చల్లుతూ వచ్చింది. ఇప్పుడు పాపకి మాటలొచ్చి అడగడం మొదలుపెట్టింది.

“అమ్మ ఎట్లుండె అని అడుగుతది. నా తీర్గనే ఉండె అంటే, నా మొహం జూసి, గింత ముసల్దా అని ఏడుస్తది. ఏం జెప్పాలె దీనికి?”

ఖాలా కొంచెం నవ్వింది కూడా. తర్వాత పాప వినకుండా గొంతు తగ్గించింది.

“నాకు గూడ మెల్లమెల్లగ పోతుంది బిడ్డా, మొహం. ముక్కు యాదికొస్తే కండ్లు యాదికొస్తలేవు. అల్లా నాకు గిట్ల ఎందుకు జేస్తున్నడో.”

ఫొటో ఒక్కటైనా లేదా అని ఆపా అడిగింది. పదో తరగతి హాల్ టికెట్ మీద ఒకటుందట. ఖాలా అదీ తెచ్చింది. గోరంత నలుపు తెలుపు ఫొటో, దాని మీద సగానికి ఆఫీసు ముద్ర. ముద్ర తగలని సగంలో ఒక పిల్ల ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తోంది. “దీంట్ల నా బిడ్డ లేదు” అని ఖాలా దాన్ని మళ్లీ సంచీలో పడేసింది.

నేను సీడీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టి చూశాను. వెండిరంగు పొర అంచు నుంచి లోపలికి బొబ్బలెక్కి, అక్కడక్కడా పొట్టు లేచిపోయి ఉంది. అవతలి వైపు కనబడుతోంది. కింది వైపు ఎవరో టూత్‌పేస్టుతో రుద్దినట్టు గీతలు. పక్కింటి కుర్రాళ్లు చెప్పారట, పేస్టుతో తోమితే ఆడుతుందని. ఆ గీతల సంగతి అటుంచితే, అసలు నష్టం అత్తరు చేసింది. సీడీ పైపొర ఎంత పల్చగా ఉంటుందో నాకు తెలుసు. పండగ పండక్కీ ఆ నూనె మడతల్లోంచి దిగి దాన్ని తినేసింది. నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆడిస్తే అరిగిపోతుందని భయపడి, ఇంట్లో అన్నిటికంటే పదిలంగా దాచుకున్న వస్తువు అది. ఈ సంగతి ఆమెకి నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. గీతలు పడ్డాయి ఖాలా అని మాత్రం అన్నాను.

ఆమె అప్పుడు అడిగింది.

“మీరొక్క కాపీ గిట్ల దాసిపెట్టలేదా బిడ్డా?”

ఆపా నా వైపు చూసింది. నేను లేదని తలూపాను.

“అందరంటరు, దుకాణపోళ్లు ఒకటి దాసుకుంటరని. మనముంగట తీసేసినట్టు జేసి, ఎనుక దాసుకుంటరంట. నేనేమనుకోను. ఆయన గూడ లేడిప్పుడు, అడిగెటోళ్లు ఎవ్వరు లేరు. దాసుకుంటె చెప్పుండ్రి.”

“లేదు ఖాలా, నీ చేత్తోనే...” అని ఆపా మొదలుపెట్టి ఆపేసింది.

ఖాలా తన చూపుడువేలు వైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

“మీరు అబద్ధమాడి ఉంటె ఎంత మంచిగుండు బిడ్డా” అంది.

ఇన్నేళ్లలో మమ్మల్ని అలా కోరిన మనిషి ఆమె ఒక్కతే. మా వల్ల ఏ పొరపాటూ జరగలేదు. సున్నాలతో నింపమన్నచోట నింపాం, చీకటి ఎక్కించమన్న టేపు మీద చీకటి ఎక్కించాం. ఏం మిగల్లేదు గద అని అడిగితే ఏమీ మిగల్లేదన్నాను, అది నిజం. సీడీ నా దగ్గర వదిలివెళ్లమని, చేయగలిగినంత చేస్తానని అన్నాను. దుపట్టా కూడా వదిలి వెళ్లబోయింది. వద్దని తిప్పి ఇచ్చేశాను.

ఆమె వెళ్లాక మేమిద్దరం పోట్లాడుకున్నాం. ఒక్కటంటే ఒక్కటి మన దగ్గర ఉంచుకుని ఉంటే ఏం మునిగిపోయేదని నేను అరిచాను.

“ఉంచుకునెటోళ్లమైతే మనకు ఆ పెండ్లి ఇస్తుండిరా? మన మాట మీదనే గద ఆ ఇంట్ల కెమెరా పెట్టనిచ్చిండ్రు. మాట లేకుంటె సీడీయే లేదు” అంది ఆపా.

తర్వాత మళ్లీ తనే, “నాకు గూడ ఆ పోరి మొహం యాదికొస్తలేదు. ఇంత దగ్గర నిలబడి తీసిన. ఎంతమంది దుల్హన్లని తీసిన, అందరు ఒక్కతీర్గనే కలిసిపోయిండ్రు” అంది. నేనూ ఆ మొహాన్ని రోజుల తరబడి తెర మీద ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి కత్తిరించినదాన్నే. ముక్కుకి నత్తు గుర్తుంది. అది పై పెదవి మీద ఊగడం గుర్తుంది. మొహం లేదు. ఇద్దరం సిగ్గుపడ్డాం.

సీడీని సబ్బునీళ్లతో కడిగి, దూదితో మధ్య నుంచి అంచుకి తుడిచాను. మామూలుగా ఆడించబోతే డ్రైవు గరగరమని, కాసేపటికి ఆశ వదులుకుని పళ్లెం బయటికి తోసేసేది. పాడైన డిస్కుల కోసం రాసిన ప్రోగ్రాం మరొకటి ఉందని చదివి దించుకున్నాను. అది మొండిది. చదవగలిగినంత చదువుతుంది, చదవలేనిచోట ఖాళీ వదిలి ముందుకు పోతుంది, అంతా అయ్యాక ఆ ఖాళీల దగ్గరికే వెనక్కి వచ్చి, ఇటు నుంచి కాకపోతే అటు నుంచి మళ్లీ ప్రయత్నిస్తుంది. దొరికిన ముక్కలన్నిటినీ వాటి వాటి చోట్లలో పేర్చి ఒక అచ్చు కడుతుంది. పోయిన అచ్చుని సీడీలోంచి వెనక్కి పోత పోయడమన్నమాట. రోజంతా ఆడిస్తే కొంచెం వచ్చి ఆగిపోయింది.

ఆ ప్రోగ్రాం వాడేవాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటే, నాకు వచ్చిన ఇంగ్లీషులో రాసి పెట్టాను. మర్నాటికి ఎవరో జవాబిచ్చారు. ఒక డ్రైవు చదవలేనిది ఇంకో డ్రైవు చదవొచ్చు, వేగం తగ్గించు, డ్రైవులు మార్చి మార్చి అదే అచ్చు మీద కొనసాగించు, పాత డ్రైవులు కొన్నిసార్లు మంచివి అని. సీడీలో ఏముందని ఆ మనిషి అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆపా ఆ మనిషికి విడిగా దువా చేసింది.

దాంతో డ్రైవుల కోసం పడ్డాను. సందు చివరి ఇంటర్నెట్ సెంటరు అన్న ఒకటిచ్చాడు. మా నాన్న తన ఆఫీసులో పారేసిన కంప్యూటరులోంచి ఊడదీసిన పాతది ఒకటి, ఎందుకే ఇది అని విసుక్కుంటూనే తెచ్చి ఇచ్చాడు. మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం వచ్చేది. ఆపా పక్కన కూర్చుని “వచ్చిందా? పోరి వచ్చిందా?” అని అడిగేది. సీడీ లోపలి వలయం నుంచి బయటికి రాస్తారు. కాబట్టి పెళ్లి మొదటి భాగం దాదాపు అంతా వచ్చింది. చాపల మీద కూర్చున్న చుట్టాలు, భోజనాలకి దస్తర్‌ఖాన్ గుడ్డ పరవడం, బిర్యానీ వడ్డనలు, కెమెరాకి అడ్డంగా పరిగెత్తే పిల్లలు. పెళ్లికూతురు హాల్లోకి వచ్చేది ఆ తర్వాత. అక్కడి నుంచి అత్తరు తిన్న చోటు మొదలు. రంగురంగుల గళ్లు, ఆగిపోయిన బొమ్మలు, సగం చెంప, ఒక చెవి కమ్మ, మళ్లీ గళ్లు. ఆఖరికి మా నాన్న తెచ్చిన డ్రైవు కూడా ఇంక రానని మొరాయించింది. పెళ్లికూతురు ఉన్నచోట ఒకే ఒక్క ముక్క చెక్కుచెదరకుండా దొరికింది. దాన్ని ఆడించి చూసి, ఆపా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఖాలాకి చెప్పాలా వద్దా అని రెండురోజులు కొట్టుమిట్టాడాం. ఏమీ రాలేదని చెప్పేస్తే ఇంతటితో పోతుందని నేనన్నాను. “ఆమె అబద్ధం కావాలన్ననాడు ఇయ్యలేకపోతిమి. ఇప్పుడు చెప్తవా?” అంది ఆపా. కబురు పంపాం.

ఖాలా పాపకి కొత్త గౌను తొడిగి, జడలు బిగించి తీసుకొచ్చింది. పాప కళ్లకి కాటుక. అమ్మని చూడబోతున్నావని చెప్పిందట. తివాచీ మీద కూర్చుని పాపని ఒళ్లో పెట్టుకుంది. కొంచెమే వచ్చింది ఖాలా, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అని నేను ముందే చెప్పాను. ఆమె వినలేదు.

మొదటి భాగమంతా పాప కేరింతలు కొడుతూ చూసింది. తెర మీద పరిగెత్తే పిల్లల్ని చూసి వాళ్ల పేర్లు అడిగింది. ఖాలా ఒక్కొక్కరినీ చూపించి చెప్పింది. వాళ్లిప్పుడు పెద్దవాళ్లయ్యారు. తర్వాత గళ్లు వచ్చాయి. సగం చెంప వచ్చి పోయింది. ఖాలా “అగో” అనేలోపే పోయింది. కమ్మ వచ్చి పోయింది.

ఆ ముక్క వచ్చింది. బొమ్మ ఒక్కసారిగా తేటపడింది. ఎర్ర దుపట్టా అంచు, పక్కన పూల తెర, మెహందీ పెట్టిన చేతులు ఒళ్లో. వాటికీ కెమెరాకీ మధ్యలో ఒక వీపు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆడమనిషి, పెళ్లికూతురి మీదికి వంగి పాపిటబిళ్ల సర్దుతోంది. ఎంతకీ అయిపోదు. తల కొంచెం అటు జరుపుతుంది, ఇటు జరుపుతుంది, పెళ్లికూతురి మొహాన్ని మాత్రం పూర్తిగా కప్పేసి నిలబడింది. ఆ వీపు ఖాలాది.

వీపు వెనకాల నుంచి ఒక పిల్ల గొంతు, నవ్వుతో కలిసి వినిపించింది.

“అమ్మీ, జర హటో నా, వీడియో ఆరా.”

అమ్మా, కొంచెం జరుగు, వీడియో వస్తోంది అని. తెర మీది ఖాలా జరగలేదు. ఆగవే, బిళ్ల వంకరైంది అన్నట్టు ఏదో అంది.

తివాచీ మీద ఉన్న ఖాలా పాపని గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది. “జరుగు” అంది. తెర మీద వీపు కదల్లేదు. “జరుగు, జరుగవే ముసలీ, బిడ్డ చెప్తుంది ఇనవడ్తలేదా” అంది. తనని తాను తిడుతోంది. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయింది.

మళ్లీ పెట్టమంది. పెట్టాను. మళ్లీ అదే వీపు, అదే గొంతు, అదే నవ్వు. నాకు కళ్లు మసకేసి మౌస్ కనబడలేదు. ఆపా మూలకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి ఖాలా చూస్తూ ఉండిపోయింది.

పాపకి ఓపిక అయిపోయింది. అమ్మమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, అమ్మ ఎక్కడని అడిగింది.

“నానీ, అమ్మీ కిధర్?”

ఖాలా తెర మీది వీపుని వేలితో చూపించింది.

“మేరే పీఛే హై” అంది. “నా ఎనుకనే ఉంది బిడ్డా.”

పాప ఒళ్లోంచి లేచి వెళ్లి, మానిటరు వెనక చూసింది.